ఏమ్మా అంటే మిరపకాయలు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దుగాల, సైనిక్‌పురి దాటినంక మా సందుల ఉన్న ఇంటికి ఎవరో వచ్చి బెల్లు కొట్టిన్రు. నేను వంటింట్ల చాయ పెడుతున్న. అమ్మ వరండల కూసోని పేపరు తిరగేస్తుంది. చదువుడేం లేదు, చావుల పేజీ ఒక్కటే చూస్తది. ఎనభైకి దగ్గర పడ్డది, తన ఈడోళ్ళల్ల ఇంకా ఎవరు మిగిలిన్రో తెలుసుకోవాలె గదా అంటది. అక్కడికెళ్ళే కేకేసింది: "ఏమే, కాలనీకి కొత్త వాచ్‌మన్ వచ్చినట్టున్నడు, నేపాలోడు. ఏం గావాల్నో అడుగు." చెయ్యి తుడుచుకుంట బయటికొచ్చి చూస్తే గేటు కాడ ముప్పై దాటని మనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్లంగి, మొఖం చూసుకునేటట్టున్న బూట్లు, కురచ జుట్టు. నేను ఫౌజు ఇంట్ల పెరిగినదాన్ని, ఆ నిలబడుడు చూస్తేనే తెలుస్తది. వాచ్‌మన్ గాదు, ఆఫీసరు. నాకు సిగ్గుతోని తల కొట్టేసినట్టైంది. అమ్మకు మాత్రం ఏ సిగ్గూ లేదు, "అయితే కూసోమను, నిలబెట్టినవేంది" అని నన్నే తిట్టింది.

ఆ మనిషి కూసోలే. చేతిల ఉన్న గుడ్డసంచి రెండు చేతులతోని పట్టుకొని అమ్మ ముంగటికి వచ్చిండు. సంచి కంటె ముందు దాని ఘాటు వచ్చింది, అమ్మ వరుసబెట్టి మూడు తుమ్ములు తుమ్మింది. తుమ్ములు ఆగినంక ఆయన నవ్వి ఒక్కటే మాట అన్నడు.

"ఏమా."

అమ్మ చేతిలకెళ్ళి పేపరు జారిపోయింది. ఆ మాట ఆ యాసల మా ఇంట్ల వినబడక ఎన్నేండ్లైందో. "అంగే పంపింది" అన్నడు హిందీల. అంగే అంటే భూటానోళ్ళ భాషల అవ్వ. అమ్మ ఆ సంచి గుంజుకొని ఒళ్ళ పెట్టుకున్నది. ఆ సంచి సంగతి చెప్పాలంటే, ముందుగాల నేను నా కన్నతండ్రిని సార్ అని పిలిచిన సంగతి చెప్పాలె.

మాది రెజిమెంటల్ బజార్. మా తాత దర్జీ, కంటోన్మెంటోళ్ళకు యూనిఫాంలు కుట్టేటోడు. నాయిన చిన్నప్పటిసంది ఆ దుకాన్ల కూసోని గుండీలు కుట్టి కుట్టి యాష్టకొచ్చి, "ఎప్పుడు మందికి కుట్టుడేంది, నేనే తొడుక్కుంట" అని పోయి భర్తీ అయిండట. తాత ఆ ముచ్చట వచ్చినోళ్ళందరికి చెప్పి, "తొడుక్కున్నడు, కని సర్కారోళ్ళు ఇచ్చిన అంగి వీనికి గోనెసంచి లెక్క ఏలాడుతుండె, మళ్ళ నా కాడికే తెచ్చిండు" అని నవ్వేటోడు. ఫౌజుల నాయినది బండ్ల మెకానిక్కు పని. ఏ బార్డర్ల ఉండేటోడో మాకు తెల్వకపోయేది, ఉత్తరాల మీద ఊరి పేరే ఉండకపోయేది. ఏడాదికొక్కపారి రెండు నెలల సెలవు మీద వచ్చేటోడు. తెల్ల పెయింటుతోని పేరు రాసిన నల్ల ట్రంకు పెట్టె ఆటోలకెళ్ళి దిగుతుంటే ఇంట్ల వాసనే మారిపోయేది. బూట్ పాలిష్, గడ్డం సబ్బు, పొద్దుగూకితె జెరంత రమ్ము. బజార్ల అందరు "మిల్ట్రీ సార్ వచ్చిండు" అనేది. నేను సుత అదే పట్టుకున్న. ఎన్మిదేండ్లు వచ్చినా ఆయనను సార్ అనే పిలిచేది. "సార్, అమ్మ బువ్వకు రమ్మంటుంది" అంటే ఇంటిల్లిపాది పడి పడి నవ్వేది. నాయిన సుత నవ్వేటోడు. నవ్వి, పోయి అరుగు మీద కూసోని, పాలిష్ చేసిన బూట్లకే మళ్ళ పాలిష్ చేసేటోడు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండంగ ఆయనకు భూటాన్ పోస్టింగ్ వచ్చింది. అక్కడి సిపాయిలకు మనోళ్ళు ట్రైనింగ్ ఇస్తుండ్రి, బండ్ల పని నేర్పనీకి నాయినను తోలుతున్నరు. తాత కుట్టుమిషన్ కాడ ఉంటే నాయిన చెప్తుండు, నేను తలుపెనుక నిలబడి విన్న. "బార్డర్‌ల పెండ్లాం పిల్లల్ని రానియ్యరు నాయినా. ఇక్కడికి తోలుకపోవచ్చు, మూడేండ్లు. ఇది ఒడిసినంక మళ్ళ బార్డరే, అప్పటికి పోరి పెద్దదైతది. ఈ మూడేండ్లల్ల అది నన్ను నాయినా అనకపోతే ఇగ ఈ జన్మల అనదు." తాత మిషన్ తొక్కుడు ఆపలే. "సముద్రం దాటి పోవాల్నా?" అని అడిగిండు. "సముద్రం లేదు. రైలెక్కాలె, తర్వాత లారీ." తాత అప్పుడు ఆపిండు. "లారీల పోయే ఫారిన్ ఏందిరా?"

కని నాయినమ్మకు లారీ ముచ్చట అవసరం లేదు. "మా పోరడు ఫారిన్ పోతుండు" అని బజారంత చాటింపు ఏసింది. ఇగ చూడు, ఒగాయనకు టేప్‌రికార్డర్ గావాలె, ఒగామెకు సెంటుసీసా, ఎదురింటోళ్ళకు బటన్ నొక్కితె తెరుచుకునే గొడుగు. అమ్మ మాత్రం ఫారిన్‌కు పోనీకి పెట్టె సదురుతుంటె మొదాలు పెట్టింది ఏందో తెలుసా? రోలు. పచ్చడి నూరే చిన్న రాతిరోలు, దాని బండ, రెండు పాత చీరెలల్ల చుట్టి పెట్టె అడుగున పెట్టింది. నాయిన నెత్తి పట్టుకున్నడు. "రాయి వద్దే, అక్కడంత కొండలే, రాళ్ళకేం కరువు?" "రోలు లేని ఇల్లు ఇల్లేనా?" అన్నది అమ్మ, అయిపోయింది. సికింద్రాబాద్ స్టేషన్ల ఆ పెట్టె ఎత్తిన కూలీ రెండడుగులు ఏసి దించి, "సాబ్, ఇండ్ల తోపుగుండ్లు ఉన్నయా?" అని అడిగిండు. నాయిన ఇంకో కూలీని పిలిచిండు.

మూడు దినాల రైలు, తర్వాత లారీ. ఫారిన్ అంటే ఏందో అనుకున్న గని, ఒక రంగుల గేటు. గేటుకు ఇవతల పాన్ మరకలు, అవతల పాన్ మరకలు లేవు, అదే తేడా. అక్కడికెళ్ళి కొండ ఎక్కుడు షురూ అయింది. అమ్మ, నేను పోటీలు పడి కక్కుకున్నం. క్వార్టర్ చేరేసరికి అమ్మ మొఖం గోడకేసిన సున్నం లెక్కైంది. చెక్క గోడలు, రేకుల కప్పు, మధ్యల కట్టెలేసి కాల్చే ఇనుప పొయ్యి, దాన్ని బుఖారీ అంటరు, దాని గొట్టం కప్పులకెళ్ళి బయటికి పోతది. లోపల నిలబడితే ముందట మాడుతది, ఎనుక గడ్డ కడుతది. ఏ దిక్కు మర్లినా సగం మనిషివే. అమ్మ పెట్టె మీద కూలబడి చెప్పింది: "నేను ఈ పెట్టె తెరువ. మంచు పడేలోపల కిందికి ఆఖరి లారీ పోతదట గదా, దాంట్ల నేను, పోరి పోతం." నాయిన "సరే" అన్నడు. ఫౌజుల సరే అంటే ఏ అర్థమూ ఉండదు, అది తుమ్ము లెక్క. బూట్లు ముంగటేసుకొని బ్రష్ తీసిండు.

ఆ పెట్టె నిజంగనే తెరువలే. ఒక సంచిల ఉన్న రెండు చీరెలు, నాలుగు గిన్నెలు, అంతే సంసారం. పప్పు పొద్దుగాల ఎక్కిస్తే పొద్దుగూకినా పలుకు పలుకే ఉండేది, అంత ఎత్తుల నీళ్ళు మసులుతయి గని పప్పు ఉడకది. "మీ నాయిన ఉద్యోగం లెక్క, చప్పుడే, పని కాదు" అనేది అమ్మ. బట్టలు పిండి తీగె మీదేస్తే గడ్డకట్టేవి. నాయిన ప్యాంటు ఒక దినం తీగె మీదికెళ్ళి తీసి గోడకు ఆనిస్తే దానంతల అదే నిలబడ్డది. మా క్వార్టర్ ముంగట ఇద్దరు నాయినలు, ఒకటి ప్యాంటు, ఒకటి మనిషి. రెండూ మాట్లాడేవి గావు. నేను రెండిటితోని సమానంగనే ఉండేది. ఆ మనిషి నాతోని ఏం మాట్లాడాల్నో తెల్వక, పొద్దుగాల నన్ను గోర్లు చూపియ్యమనేటోడు, నా బూటు లేసులు విప్పి మళ్ళ కట్టేటోడు. "ఠీక్ హై" అనేటోడు. నేను "సార్" అనేదాన్ని.

అమ్మకు అసలు తక్లీఫ్ చలి గాదు, మాట్లాడనీకి మనిషి లేకపోవుడు. పక్క క్వార్టర్లల్ల పంజాబోళ్ళు, పహాడోళ్ళు ఉండేది. అమ్మకు వచ్చింది మన సికింద్రాబాద్ హిందీ. ఒకామె చాయ ఇస్తె అమ్మ మర్యాదకు "నక్కో" అన్నది, వద్దని. ఆమె దాన్ని 'నాక్' అనుకొని తన ముక్కు తడుముకొని చూసుకున్నది, ముక్కుకేమన్న అంటిందేమోనని. రెండు మూడు మాటలు గిట్లనే అయినంక అమ్మ వాళ్ళతోని మాట్లాడుడు బంద్ పెట్టింది. పొద్దంత పెట్టె మీద కూసోని ఏడ్చేది. నాయిన వచ్చేసరికి కండ్లు తుడుచుకునేది, కని ముక్కు ఎర్రగుండేది, చలికేమో అని నాయిన అనుకున్నట్టు నటించేటోడు.

క్వార్టర్ల కంచెకు అవతల ఒక ఊరోళ్ళ ఇల్లు. ఆ ఇంటామె అంగే. అప్పటికి ఆమె యాభై సుత ఉండదు, కని కొడుకు పెండ్లి చేసింది గనుక ఊరంత ఆమెను అవ్వా అనే పిలిచేది. ఆమె ఇంటి కప్పంత ఎర్రగ, మీదికెక్కి ఎవరో కుంకుమ గుమ్మరించినట్టు, ఎండబోసిన మిరపకాయలే. అమ్మ ఒక దినం ఉండబట్టలేక కంచె కాడికి పోయి, రెజిమెంటల్ బజార్ల కూరగాయలామెను పిలిచినట్టే పిలిచింది. "ఏమ్మా! బాగున్నవా?" అంగే ఇటు చూసి, తల ఊపి, లోపలికి పోయి దోసెడు మిరపకాయలు తెచ్చి అమ్మ కొంగుల పోసింది. అమ్మ అనుకున్నది, కొత్తోళ్ళకు ఇచ్చే మర్యాద గావచ్చు అని. తెల్లారి మళ్ళ, "ఏమ్మా, ఇయ్యాల చలి జెర ఎక్కువున్నది." ఇంకో దోసెడు. మూడో దినం, "ఏమ్మా, నిన్న ఇచ్చినవే ఉన్నయి, వద్దమ్మా, ఏమ్మా నీకు చెప్పేది!" రెండుసార్లు అన్నది గదా, రెండు దోసెళ్ళు. వారం తిరిగేసరికి దోసెడు పోయి గంప అయింది.

నాయిన సాయంత్రం వచ్చి గుమ్మంల ఆగి, "ఇది ఇల్లా, మిర్చి గోదామా?" అని లేచేటోడు. "పండుకోనీకి జాగ లేదు, కండ్లు మండుతున్నయి, బూట్లల్ల సుత మిరపకాయలే!" అని ఒకటే గొడవ. రోజు గొడవ. నేను బడికి పోవుడు షురూ చేసిన పది దినాలకు నాకు అసలు సంగతి తెలిసింది. ఆ పిల్లలు అన్నం డబ్బా తెరిచి "ఏమా, ఏమా" అని ఎగిరేది. ఇంటికి ఉరికొచ్చి చెప్పిన: "అమ్మా, వీళ్ళ భాషల ఏమా అంటే మిరపకాయ!" అమ్మ చెంపలు ఏసుకున్నది. "అయ్యో నా మొఖం మన్నుబడ! గిన్ని దినాలు ఆమె ఇంటి ముంగట నిలబడి మిరపకాయలు మిరపకాయలు అని అడుక్కున్ననా!" రెండు దినాలు కంచె దిక్కు పోలే. మూడో దినం అంగేనే వచ్చి కంచె మీద చెయ్యేసి నిలబడ్డది. అమ్మ నోరు కట్టుకోవాల్ననే చూసింది, కని ఆడమనిషిని చూసి ఏమ్మా అనకుండ మాట మొదలుపెట్టుడు మా అమ్మకు వస్తదా? "ఏమ్...మా" అన్నది. అంగే పండ్లన్ని బయటపెట్టి నవ్వి గంప అందిచ్చింది.

కింద పోసిన పచ్చి కాయలు కుళ్ళుడు షురూ చేసినయి. "కారం పారేసే ఇంట్ల పుట్టలే నేను" అన్నది అమ్మ. గోల గోల చేసుకుంట లేచి, కూసున్న పెట్టె మీదికెళ్ళి దిగి, తాళం తీసింది. పైన ఉన్న చీరెలు, తువ్వాలలు, దేవుని పటం, నా గౌన్లు అన్ని తీసి మంచం మీద పడేసింది. అడుగుకెళ్ళి రోలు రావాలె గదా, అన్ని తియ్యకపోతె ఎట్ల వస్తది? నాయిన మూలకు కూసోని బూట్లు రుద్దుతుండె. బ్రష్ ఆగింది. లేచి బయటికి పోయి, ఆ గడ్డకట్టిన ప్యాంటు పక్కన నిలబడి సీటీ కొట్టిండు. నాయినకు సీటీ కొట్టుడు వచ్చని నాకు ఆ దినమే తెలిసింది.

పచ్చిమిర్చి కాల్చి, ఎల్లిపాయ, ఉప్పేసి అమ్మ నూరితే ఆ ఘాటుకు పంజాబామె కిటికీలన్ని మూసుకున్నది. అమ్మ గిన్నెల పెట్టి గర్వంగ అంగేకు ఇచ్చింది, చూడు మా తెలుగోళ్ళ కారం అని. అంగే వేలుతోని నాకి, బాగుందన్నట్టు తల ఊపి, పక్కకు నంజుకోనీకి ఇంకో పచ్చిమిరపకాయ కొరికింది. అమ్మకు నామోషీ అయింది. "ఈళ్ళది నోరా, బుఖారీనా?" అని రెండు దినాలు అదే ముచ్చట. నాకు అంగే తన వంటింట్ల ఒక గిన్నె ఇచ్చింది. తెల్లగ, పలచగ, పాల మీగడ తేలుతున్నట్టుంటే పాయసం అనుకున్న. పెద్ద చెంచా నిండ నోట్ల ఏసుకున్న. అది చీజ్ లెక్కుండే జున్ను కరిగిచ్చిన పులుసు, దాంట్ల ముక్కలన్ని మిరపకాయలే. వాళ్ళు మిరపకాయను మసాలకు వాడరు, ఆలుగడ్డ లెక్క వండుకుంటరు. లోకమంత ఒక్కపారి తెల్లగైంది. బయటికి ఉరికి వాకిట్ల దుంకుకుంట గొంతు చించుకొని అరిచిన, "ఓ నాయినో!"

రోడ్డు అవతల బండ్ల షెడ్డుంది. నాయిన ఏ లారీ కిందకెళ్ళి ఎల్లిండో తెల్వదు, చేతిల పానా పట్టుకొని రోడ్డు దాటి, కంచె ఎక్కి, ప్యాంటు మోకాలు కాడికెళ్ళి చించుకొని నా ముంగట పడ్డడు. "ఏమైంది బిడ్డా? పిలిచినవా? నన్నే పిలిచినవా?" తేలు కుట్టినా, కాలు బెణికినా, దోమ కుట్టినా మనోళ్ళు నాయినో అనే మొత్తుకుంటరు. అది పిలుపు గాదని ఆయనకు తెల్వదా? ఎందుకు తెల్వదు, బజార్ల పుట్టినోడే గదా. అయినా అడిగిండు. గ్రీజు చేతులతోని నా మొఖం పట్టుకొని అడిగిండు. నా నోరు మండుతుంది, మాట రాదు. తల ఊపిన. ఎత్తుకొని అట్లనే ఇంటిదాక నడిచిండు, తొమ్మిదేండ్లదాన్ని, నా కాళ్ళు ఆయన మోకాళ్ళ కిందికి ఏలాడుతున్నయి. ఆ దినం సంది సార్ బందైంది. నాయినా అని పిలుస్తే ఎట్ల పలికేటోడంటే, పక్కనే కూసున్నా లేచి నిలబడేటోడు.

ఆఖరి లారీ దినం వచ్చింది. నాయిన పొద్దుగాలనే కాయితాలు తయారుచేసి తెచ్చి, "పది గంటలకు బండి" అన్నడు. నేను బుఖారీ ఎనుకకు పోయి దాక్కున్న. అమ్మ బయటికొచ్చి కప్పు దిక్కు చూసింది. అంగేను చూసి తను సుత మిరపకాయలు ఎండబోసింది, రేకుల మీదంత ఎరుపే. "ఇంకా నాలుగు ఎండలు గావాలె" అన్నది. "సగం ఎండినవి ఇడిసిపెట్టి పోతె బూజు పడ్తది. వచ్చే లారీకి పోత." నాయిన చేతిలున్న కాయితాలు మడిచిండు. "వచ్చే లారీ అంటే నాలుగు నెలలు." "నాకు తెల్వదా? నువ్వు నాకు చెప్పాల్నా?" అని కసిరింది. "సరే" అన్నడు నాయిన. ఆ సరే మాత్రం తుమ్ము లెక్క లేదు.

మూడేండ్లు ఉన్నం. తిరిగి రెజిమెంటల్ బజార్‌కు వచ్చిన దినం మా ఇంటి ముంగట పెండ్లి జరుగుతున్నంత మంది. పెట్టె తెరిస్తె టేప్‌రికార్డర్ లేదు, సెంటు లేదు. ఎండుమిరపకాయలు, దారానికి గుచ్చిన తెల్ల ముక్కలు. "ఫారిన్ చాక్లెట్" అని నాయినమ్మ తలా ఒకటి పంచింది. అది వాళ్ళు ఎండబెట్టి రోజంత చప్పరించే జున్ను, రాయి కంటె గట్టిగుంటది. టేప్‌రికార్డర్ అడిగినాయన గట్టిగ కొరికి పన్ను చేతిల పట్టుకొని నిలబడ్డడు. మా నాయినమ్మ బతికున్నంత కాలం బజార్ల మళ్ళ ఫారిన్ మాట ఎత్తలే.

ఆ తర్వాత నాయిన మళ్ళ బార్డర్‌కు పోయిండు, రిటైరయ్యి వచ్చి ఈ ఇల్లు కట్టిండు, పోయినేడు ఎండకాలం చప్పుడు లేకుండ పోయిండు. ఇప్పుడు మా సందుల ఉన్న ఫౌజు పిల్లలు ఫోన్ల రోజు తండ్రి మొఖం చూస్తరు, ఏ పోరడు తండ్రిని సార్ అనడు. మంచిదే. కని వాళ్ళకు తండ్రి కంచె దుంకి రావుడు తెల్వదు, ఆయన సిగ్నల్ లేదు అంటడు, ఫోన్ పెట్టేస్తడు. నాయిన పోయినంక అమ్మ కారం తినుడు ఇడిసిపెట్టింది. "నోటికి సయిస్తలేదు" అని పెరుగన్నం రెండు ముద్దలు, అంతే. జాకెట్టు భుజం మీదికెళ్ళి జారేటంత సన్నబడ్డది. డాక్టరు మందులు రాసిండు, నేను కర్రీ పాయింట్ల వెంట తిరిగి ఏదంటే అది తెచ్చి పెడితే ఇటు తిప్పి అటు తిప్పి ఇడిసిపెట్టేది. తిను అమ్మా అంటె, "మీ నాయిన తిట్టకుండ నాకు బువ్వ దిగదే" అనేది. రోలు ఎనుక తలుపు కొట్టుకోకుండ అడ్డం పెట్టుకున్నం. నేను బయటికి ఏమీ అనకపోయినా, అమ్మ సుత చేజారుతుందని లోపల భయం పట్టుకున్నది.

ఇగో, అప్పుడొచ్చిండు ఈ కెప్టెన్. అంగే మనుమడు. కంటోన్మెంట్‌ల ఏదో కోర్సుకు వచ్చిండట. పేరు చెప్తే అమ్మకు నోరు తిరుగలే, బిడ్డా అని పిలిచింది. అంగేకు తొంభై దాటిందట, చెవులు పనిచేస్తలేవు గని నోరు పనిచేస్తుందట, ఇప్పటికీ మిరపకాయ నంజుకుంటదట. "మా ఇల్లు ఎట్ల దొరికింది?" అని అడిగిన. జేబులకెళ్ళి కొత్త సంవత్సరం గ్రీటింగ్ కార్డులు తీసిండు, ఎనుక నాయిన రాత, ఈ ఇంటి అడ్రసు. ఏటేటా పంపిండట. మాకు ఒక్క ముక్క తెల్వదు.

"మా అంగే ఒక మాట అడిగి రమ్మన్నది" అన్నడు. అమ్మకు హిందీ సగమే అర్థమైతది, నేను తెలుగు చేసి చెప్తున్న. "మీకు ఆ సంగతి సాబ్ చెప్పిండా లేదా అని."

"ఏ సంగతి?"

ఆయన జెర మొహమాట పడి చెప్పిండు. మిరపకాయలు ఇచ్చుడు షురూ అయిన మొదటి వారంలనే నాయిన టోపీ తీసి చేతిల పట్టుకొని అంగే వాకిట్ల నిలబడ్డడట. వచ్చీరాని వాళ్ళ భాషల చెప్పిండట. మా ఇంటామె మిరపకాయలు అడుగుతలేదు, మిమ్మల్ని పలకరిస్తుంది. మా దిక్కు ఆడోళ్ళు అట్లనే పలకరిస్తరు. కని మీరు ఇచ్చుడు ఆపొద్దు. ఎన్నిసార్లు ఏమ్మా అంటే అన్నిసార్లు ఇయ్యుండ్రి, ఎక్కువ ఇయ్యుండ్రి. చేతినిండ పని లేకపోతె ఆమె నిలువది, ఆమె పోతె నా బిడ్డ పోతది. దానికి బదులు అంగే రేడియో ఎప్పుడు చెడిపోయినా వచ్చి బాగుచేసేటోడట.

నేను తెలుగుల చెప్పుడు ఒడిసింది. అమ్మ కుర్చీ పట్టుకొని లేచింది. మెల్లగ లోపలికి నడిచి, దండేసిన ఫోటో ముంగట నిలబడ్డది. మీసాల ఎనుకకెళ్ళి నాయిన ఎప్పటి లెక్కనే చూస్తుండు, ఏమీ ఎరుగనట్టు.

"దొంగ మొఖపోడా! మూడేండ్లు ఇది ఇల్లా మిర్చి గోదామా అని నా మీద లేచినవ్ గదయ్యా! బూట్లల్ల మిరపకాయలని గొడవపెట్టినవ్ గదా! నువ్వే ఇప్పిచ్చి, నువ్వే తిట్టి... ఎంత నాటకమాడినవయ్యా!" కండ్లకెళ్ళి నీళ్ళు కారుతున్నయి, నోరు నవ్వుతుంది, రెండూ ఒక్కసారే. "ఆగు, పైకొస్త గదా. నీ సంగతి అప్పుడు చెప్త." కొంగుతోని ముక్కు చీది నా దిక్కు మర్లింది. "ఏం చూస్తున్నవే నిలబడి? ఆ రోలు కడిగి పట్టుకరా. పిల్లగాడు అంతదూరంకెళ్ళి వస్తె పెరుగన్నం పెడ్తమా?"

సంచిల వచ్చిన ఎండుమిరపకాయలు నూరింది నేనే, అమ్మ పక్కన కూసోని చెప్పింది. ఎక్కువ ఏయించకు, ఎల్లిపాయ పొట్టు తియ్యకు, ఉప్పు గల్లుప్పు ఎయ్యి. వేడి బువ్వల కారం, నువ్వులనూనె పోసి అమ్మే కలిపింది. మొదటి ముద్ద కెప్టెన్‌కు పెట్టింది, ఆయన కన్ను సుత ఆర్పకుండ మింగిండు. రెండో ముద్ద తనే తిన్నది, నిండు ముద్ద, కారం ముద్ద. నేను ఆమె నోరే చూస్తున్న. నమిలింది, మింగింది, మళ్ళ కలిపింది. మూడో ముద్ద నా నోట్ల పెట్టింది. నాయినకు ఆయన జీవితంల నేను చెప్పని మాట ఒక్కటే ఉన్నది. ఆ దినం కంచె అవతల నేను పిలిచింది ఆయనను గాదు, మంటకు మొత్తుకున్న అని. చెప్పాల్నని ఎన్నోసార్లు అనుకున్న, ఆ లేచి నిలబడుడు చూసి చెప్పలేకపోయిన. ఇప్పుడు కారం నాలుక దాటి గొంతుల దిగింది, కండ్లు నిండినయి.

"ఓ నాయినో!"

"ఎందుకే గట్ల మొత్తుకుంటవ్? మీ నాయిన యాడికెళ్ళి వస్తడు?" అన్నది అమ్మ.

"ఈసారి నిజంగనే పిలిచిన" అన్న.

అమ్మకు అర్థం కాలే. చెంబెడు నీళ్ళు నా దిక్కు జరిపి, తనకింకో ముద్ద కలుపుకున్నది.